సీమ్ కింద నీళ్ల ప్రెజర్ చూసే వైబ్రేటింగ్ వైర్ పైజోమీటర్: సెన్సార్‌కి 4 స్టార్లు, డీలర్ సర్వీస్‌కి 2

ముందే చెప్తున్నా, ఇది ఇంటి బోరుకి పెట్టుకునే ఐటమ్ కాదు, ఇంటి బోరులో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూడాలంటే తాడుకి బరువు కట్టి దింపినా సరిపోద్ది. ఇది ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర, బొగ్గు సీమ్‌కి, అంటే బొగ్గు పొరకి, కింద ఉన్న ఇసుకరాతి పొరల్లో నీటి ప్రెజర్ ఎంతుందో రోజూ చూడాల్సిన వాళ్లకి. డ్రిల్లింగ్ కాంట్రాక్టర్లు, జియాలజిస్టులు, మైనింగ్ డిప్లొమా అయిపోయి కొత్తగా సైట్‌కి వచ్చిన పిల్లలు, వీళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నా. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే నాకు తయారుచేసినోళ్లతో పంచాయితీ లేదు, అమ్మిన డీలర్‌తోనే ఉంది, పేరు రాస్తే ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తారు. పైగా ఏ మంచి కంపెనీది తీసుకున్నా లోపల పనితనం ఒకటే.

అసలు సీమ్ కింద నీళ్లతో మనకేం పని, బొగ్గు పైన కదా తవ్వేది అని చాలామంది అడుగుతారు. సింగరేణి ఏరియాలో ఉన్నోళ్లకి రాళ్ల వరుస తెలిసిందే, గోదావరి లోయలో అడుగున తాల్చిర్, దాని మీద బరాకర్, ఆ బరాకర్‌లోనే బొగ్గు. కొత్తగూడెం, ఇల్లందు వైపు కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అని పేర్లు పెట్టుకుని పిలుచుకుంటారు కూడా. సీమ్‌కీ సీమ్‌కీ మధ్య గరుకు ఇసుకరాయి, అక్కడక్కడా షేలు (పలకలుగా విడిపోయే మట్టిరాయి), బంకరాయి. ఇసుకరాయి నిండా నీళ్లు, షేలు దాని మీద మూత. ఆ రాయి దూరంగా ఎక్కడో నేల మీదకి తేలిన చోట వాన నీళ్లు దిగుతాయి, అక్కడి నీటి ఎత్తు బరువంతా ఇక్కడ లోతులో ప్రెజర్‌గా కూర్చుంటది, పైకి రావడానికి దారి లేక. మణుగూరు వైపు కొన్ని బోర్లలో మోటారు లేకుండానే నీళ్లు పైకి పొంగడం చూసినవాళ్లు బోలెడు మంది, పగిడేరు దగ్గరైతే అలా పొంగేవి వేడినీళ్లు, ఆ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి 20 కిలోవాట్ల జియోథర్మల్ ప్లాంటు పైలట్‌గా పెట్టింది. అంటే కింద ప్రెజర్ ఉందా లేదా అన్నది మన దగ్గర పుస్తకాల్లో మాట కాదు, కళ్ల ముందు కనపడే సంగతే.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. క్వారీ ఫ్లోర్‌కి, అంటే తవ్విన గొయ్యి అడుగుకి, 20 మీటర్ల కింద నీళ్లున్న ఇసుకరాయి మొదలైంది అనుకోండి. మధ్యలో ఉన్న రాయి ఘనపు మీటరుకి 2.2 టన్నులు వేసుకుంటే చదరపు మీటరు మీద 44 టన్నుల బరువు, కిలోపాస్కల్స్‌లో 430 పైచిలుకు. కింద నీటి ప్రెజర్ 60 మీటర్ల నీళ్ల ఎత్తుకి సమానం అయితే అది దాదాపు 590. అంటే కిందినించి తోసేదే ఎక్కువ. రాయికి సొంత బలం కొంత ఉంటది కాబట్టి వెంటనే ఏం కాకపోవచ్చు, కానీ ఓబీ, అంటే బొగ్గు మీదున్న మట్టీ రాయీ, తీసేకొద్దీ పై బరువు తగ్గుద్ది, కింది ప్రెజర్ ఆ లెక్కన తగ్గదు, ఒకరోజు ఫ్లోర్ ఉబ్బుద్ది, పగుళ్లిస్తది, ఊట మొదలవుద్ది, గొయ్యి అడుగున చేరిన నీళ్లు తోడే సంప్ పంపులు చాలవు. దీన్ని ముందే తగ్గించడానికి చుట్టూ బోర్లు వేసి కింది పొరలోంచి నీళ్లు తోడతారు. రాయి సొంత బలాన్ని లెక్కలోకి తీసుకోకుండా 1.2 సేఫ్టీ ఫ్యాక్టర్ పెట్టుకుంటే పై లెక్కలో ప్రెజర్ 37 మీటర్ల నీటి ఎత్తు కన్నా కిందకి రావాలి. మరి వచ్చిందా లేదా ఎవరు చెప్పాలి? ఈ పైజోమీటరే చెప్పాలి.

చైనాలో అయితే ఇది ప్రాణాల మీదకొచ్చే విషయం, అక్కడ ఉత్తరాన చాలా గనుల్లో బొగ్గు కింద ఆర్డోవీషియన్ సున్నపురాయి ఉంటది, దాన్నిండా గుహలు, నీళ్లు. 1984లో ఫాన్‌గెజువాంగ్ గనిలోకి అలా కిందినించి వచ్చిన నీళ్లు ఒక దశలో నిమిషానికి 2,053 ఘనపు మీటర్లు. వాళ్లు నీటి ప్రెజర్‌ని మెగాపాస్కల్స్‌లో తీసుకుని మధ్య రాతి మందంతో భాగించి, పగుళ్లున్న చోట 0.06, రాయి గట్టిగా ఉన్న చోట 0.1 దాటకూడదని పెట్టుకున్నారు. మనది సున్నపురాయి కాదు, ఇసుకరాయి, నీళ్లు అంత భీకరంగా రావు, ఆ నంబర్లు తెచ్చి ఇక్కడ కళ్లు మూసుకుని పెట్టకండి. కానీ ఫాల్టులు, అంటే రాతి పొరలు తెగి జరిగిన చోట్లు, మన దగ్గర తక్కువేం లేవు.

సరే, ప్రొడక్ట్ సంగతి. ఇంతకుముందు మేము వాడింది డిప్ మీటర్, అదే రీలుకి చుట్టిన టేపు, చివర ప్రోబ్, నీళ్లు తగిలితే కుయ్‌మంటది. మంచి వస్తువు, చవక, చెడిపోయినా సైట్‌లోనే బాగు చేసుకోవచ్చు, సెంటీమీటరు తేడా కూడా పట్టుద్ది. పై పొరల బోర్లకి ఇప్పటికీ అదే వాడతాం. లోతు బోర్లలో మాత్రం తలనొప్పి, కేసింగ్ పక్కలంట కారే నీళ్లు తగిలినా కుయ్‌మంటది, టేపు తడి పైపుకి అతుక్కుని కిందకి దిగదు, పొంగే బోరైతే అసలు పనికే రాదు, మూతకి ప్రెజర్ గేజ్ బిగించాల్సిందే. వీటన్నిటికన్నా పెద్ద సమస్య ఇంకోటుంది. బోరు మొత్తం ఓపెన్‌గా ఉంటే మీరు కొలిచేది ఏ పొర నీళ్లు? సీమ్ పైన ఒక పొర, కింద రెండు పొరలు, అన్నీ ఆ ఒక్క బోరులోకే తెరుచుకుని ఉంటే పైదాన్లోంచి కిందకో, కిందదాన్లోంచి పైకో నీళ్లు పారుతుంటాయి, టేపు చూపించే లెవెల్ ఏ పొరదీ కాదు. అది రిపోర్టులో రాసుకోడానికి బాగుంటది, ఫ్లోర్‌ని కాపాడదు. ఇంకా దారుణం ఏంటంటే అలాంటి బోరే రెండు పొరల్ని కలిపేసే గొట్టంగా మారుద్ది.

కింది పొర వరకు సీల్ చేసి సన్న పైపు దింపితే, అంటే స్టాండ్‌పైప్ పెడితే, ఈ కలగాపులగం పోద్ది. కానీ టైట్ రాయిలో, అంటే నీళ్లు సులువుగా పారని రాయిలో, అది నిదానం. 50 ఎంఎం పైపులో లెవెల్ ఒక మీటరు పెరగాలంటే దాదాపు రెండు లీటర్ల నీళ్లు రాతిలోంచి పైపులోకి రావాలి. షేలు లాంటి దాన్లోంచి ఆ రెండు లీటర్లు రావడానికి పట్టే టైమ్‌లో క్వారీలో ఇంకో బెంచి, అంటే తవ్వకంలో ఇంకో మెట్టు, దిగిపోద్ది. వైబ్రేటింగ్ వైర్‌కి ఆ బాధ లేదు, లోపలి డయాఫ్రమ్, అంటే పల్చటి రేకు, కంటికి కనపడనంత కదిలితే చాలు, నీళ్లు ఎక్కడికీ పారక్కర్లేదు.

ఇది పనిచేసే పద్ధతి నాకు భలే నచ్చుద్ది. స్టీలు గొట్టంలో ఒక సన్న తీగ బిగించి ఉంటది, ఒక చివర డయాఫ్రమ్‌కి. పక్కనే ఉన్న కాయిల్ ఆ తీగని మీటుద్ది, తీగ మోగుద్ది, ఆ మోత ఫ్రీక్వెన్సీని అదే కాయిల్ వినుద్ది. బయట నీటి ప్రెజర్ పెరిగితే డయాఫ్రమ్ లోపలికి నొక్కుకుంటది, వీణ తీగ వదులు చేసినట్టు శృతి తగ్గుద్ది. ఫ్రీక్వెన్సీని దాంతోనే గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేదాన్ని డిజిట్స్ అంటారు, 3000 హెర్ట్జ్ అయితే 9000 డిజిట్స్. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు, డిజిట్స్ తగ్గితే ప్రెజర్ పెరిగినట్టు, గుర్తుపెట్టుకోండి. వచ్చేది వోల్టేజీ కాదు, ఫ్రీక్వెన్సీ, కాబట్టి కేబుల్ వందల మీటర్లు పొడుగున్నా రీడింగ్ చెక్కుచెదరదు. లోపల థర్మిస్టర్ కూడా ఉంటది, టెంపరేచర్ ఊరికే వస్తది. మన గోదావరి లోయలో లోతుకెళ్లేకొద్దీ వేడి బాగానే ఉంటది కాబట్టి ఆ కాలమ్‌ని డిలీట్ చెయ్యకండి, కరెక్షన్‌కి కావాలి.

కొనేటప్పుడు రేంజ్ దగ్గర జాగ్రత్త. 200 మీటర్ల లోతులో పెడుతున్నాం, నీళ్లు నేల దాకా వచ్చినా 1960 కిలోపాస్కల్స్, 2 మెగాపాస్కల్ సెన్సార్ సరిపోద్ది కదా అని డీలర్ అంటాడు. కానీ బోరు నిండా పచ్చి గ్రౌట్, అంటే బోరుని సీల్ చేసే సిమెంటు, బెంటోనైట్ బంకమట్టి, నీళ్ల మిక్స్, పోస్తున్నప్పుడు ఆ సెన్సార్ మీద ఉండేది నీళ్ల బరువు కాదు, గ్రౌట్ బరువు. మేం పోసే మిక్స్ నీళ్ల కన్నా సుమారు 1.3 రెట్లు బరువు, అంటే 2550 దాకా పోద్ది. మంచి సెన్సార్లు రేంజ్ కన్నా కొంత ఎక్కువ తట్టుకుంటాయి నిజమే, నేనైతే ఆ ధైర్యం చెయ్యను, 3 మెగాపాస్కల్ తీసుకుంటా. దానికి మూల్యం ఉంది, ఫుల్ స్కేల్‌లో 0.1 శాతం యాక్యురసీ అంటే 3 కిలోపాస్కల్స్, నీళ్లలో చెప్పాలంటే 30 సెంటీమీటర్లు. ఫ్లోర్ సేఫ్టీ లెక్కకి అది చాలు, సెంటీమీటర్లు కావాలంటే డిప్ మీటరే.

ఇన్‌స్టలేషన్ గురించి కాస్త పొడుగ్గా రాస్తా, ఎందుకంటే ఈ రివ్యూ మొత్తంలో పనికొచ్చేది ఇదే. సెన్సార్ ఎంత ఖరీదైందైనా బోరు సీల్ సరిగ్గా లేకపోతే అది చూపించేదంతా వేరే పొర ప్రెజర్. డబ్బులు సెన్సార్ మీద కొంచెం తగ్గించుకున్నా పర్లేదు, గ్రౌటింగ్ మీద తగ్గించకండి. ముందు రోజే సెన్సార్ చివర నీళ్లు లోపలికి వచ్చే ఫిల్టర్ విప్పి బకెట్ నీళ్లలో ముంచి గాలి బుడగలు పోయేదాకా వదిలెయ్యాలి, నీళ్లలోనే మళ్లీ బిగించాలి. తర్వాత బోరు నీళ్ల టెంపరేచర్‌కి వచ్చేదాకా ఆగి, పైకెత్తి జీరో రీడింగ్, అంటే నీళ్ల ప్రెజర్ లేనప్పటి రీడింగ్, అప్పటి గాలి పీడనంతో సహా రాసిపెట్టుకోవాలి. ఎండలో టాటా ఏస్ వెనక పడున్న సెన్సార్‌కి అప్పటికప్పుడు జీరో తీసి దింపేస్తే ఆ తప్పు జన్మంతా రీడింగ్‌లో ఉంటది, మళ్లీ పైకి తీసి చూసే ఛాన్స్ ఉండదు.

సెన్సార్లని గ్రౌట్ పైపుకే టేపుతో కట్టి దింపుతాం, ఫిల్టర్ పైకి చూసేలా, గాలి నిలవకుండా. ఒకే బోరులో నాలుగు, సీమ్ పైన ఒకటి, సీమ్‌కీ కింది ఇసుకరాయికీ మధ్య షేల్లో ఒకటి, ఇసుకరాయిలో రెండు. తర్వాత అడుగునించి మొదలుపెట్టి బోరు మొత్తం సిమెంటు బెంటోనైట్ గ్రౌట్‌తో నింపేస్తాం. గ్రౌట్‌లో పాతేస్తే ప్రెజర్ ఎలా తెలుస్తది అని మా రిగ్ ఆపరేటర్ అన్న మొదట్లో నవ్వాడు. పక్కకి రాతి దూరం కొన్ని సెంటీమీటర్లే, ప్రెజర్ ఆ కాస్త గ్రౌట్ దాటి వచ్చేస్తది, పైకీ కిందకీ ఇంకో సెన్సార్ దాకా పదుల మీటర్లు, అంత దూరం పోలేదు. మిక్స్ బరువులో సిమెంటు 1కి నీళ్లు 2.5, బెంటోనైట్ 0.3, ఇది గట్టి నేలకి పుస్తకాల్లో ఉన్న కొలతే. ముందు నీళ్లు సిమెంటు కలపాలి, ఆ తర్వాతే బెంటోనైట్, చిక్కదనం చూసుకుంటూ. మన బోర్ల వాళ్లు అలవాటుగా బెంటోనైట్ ముందేస్తారు, అలా చేస్తే ప్రతి బ్యాచూ ఒక్కో రకంగా వస్తది, కాబట్టి పక్కన నిలబడి చూసుకోవాల్సిందే.

గ్రౌట్ పోసినాక మొదటి రోజుల గ్రాఫ్ చూడ్డం సరదాగా ఉంటది. ప్రెజర్ ఒక్కసారిగా పైకెళ్లి, సిమెంటు సెట్ అయ్యేకొద్దీ దిగుద్ది, సిమెంటు వేడికి టెంపరేచర్ చిన్న గుట్టలా లేచి పడుద్ది. తర్వాత నాలుగు సెన్సార్లూ నాలుగు దార్లు పట్టి ఎవరి పొర ప్రెజర్ దగ్గర వాళ్లు స్థిరపడతాయి. నాలుగూ ఒకే లెవెల్ చూపిస్తే అనుమానించండి, సీల్ పోయిందేమో అని.

డేటా విషయానికొస్తే, ఈ సెన్సార్ అంత సున్నితం కాబట్టి రెండు మోసాలున్నాయి. ఒకటి వాతావరణం. తుఫానుకి గాలి పీడనం 20 మిల్లీబార్లు పడితే అది 20 సెంటీమీటర్ల నీళ్లతో సమానం, సెన్సార్‌లో కొంత కనపడుద్ది. సాఫ్ట్‌వేర్‌లో కరెక్షన్ బటన్ ఉంది కదా అని మొత్తం తీసేస్తే ఎక్కువైపోద్ది, మూత ఉన్న పొరలో పై గాలి బరువు కొంత రాయే మోస్తది, నీళ్ల దాకా వచ్చేది కొంతే. పక్కన బారోమీటర్ పెట్టి ఎంత వాటా వస్తుందో మీ డేటాలోనే తేల్చుకోండి. రెండోది ఇంకా పెద్దది. క్వారీలో బెంచి తీసినప్పుడు పై బరువు తగ్గుద్ది, టైట్ రాయిలో నీటి ప్రెజర్ ఆ వెంటనే కొంత పడిపోద్ది, ఒక్క చుక్క తోడకపోయినా సరే. గ్రాఫ్ దిగగానే పంపింగ్ బోర్లు అదరగొడుతున్నాయి అని పైవాళ్లకి మెయిల్ కొట్టేవాళ్లని చూశా. నాలుగు రోజులు ఆగితే మెల్లగా మళ్లీ ఎక్కుద్ది. పంపు వల్ల దిగిందా, తవ్వకం వల్ల దిగిందా తేల్చాలంటే పంపు గంటల లాగ్, షావెల్ ఏ రోజు ఎక్కడుందో ఆ రిజిస్టరు, రెండూ గ్రాఫ్ పక్కన ఉండాలి.

ఊళ్లవాళ్లకి కూడా దీంతో ఉపయోగం ఉంది, ఈ మాట ఎవరూ చెప్పరు. గని పక్క ఊళ్లో బావి ఎండితే జనం కింది పొరలోంచి తోడడం వల్లే అంటారు, గని వాళ్లు వానల్లేక అంటారు. సీమ్ పైన సెన్సార్, కింద సెన్సార్ పక్కపక్కన గ్రాఫ్ వేస్తే రెండూ కలిసి దిగుతున్నాయా, కిందది దిగినా పైది కదలకుండా ఉందా కనపడుద్ది. కలిసి దిగితే మధ్య షేలు మూత ఎక్కడో తెగినట్టే, ఫాల్టో, పాత బోరో. ఊరి మాటే నిజమని తేలినా సరే ఆ గ్రాఫ్ దాచకూడదని నా అభిప్రాయం. అన్నట్టు, సెంట్రల్ గ్రౌండ్ వాటర్ అథారిటీ ఎన్‌ఓసీ కోసం వేసే పైజోమీటర్ బోరూ ఇదీ ఒకటే అనుకోవద్దు, అది తోడకం లెక్కకి, ఇది ఫ్లోర్ కింద ప్రెజర్‌కి, ఒకటి ఉంది కదా అని రెండోది మానెయ్యకండి.

ఇక తిట్లు. పిడుగు. బోరు నిండా పొడుగాటి రాగి కేబుల్, గని మీద ఓపెన్ జాగా, ఏప్రిల్ మే గాలివానలు, ఇంకేం కావాలి. పిడుగు దెబ్బ నుంచి కాపాడే సర్జ్ అరెస్టర్ విడిగా కొనాలంట, కొటేషన్లో అసలు రాయలేదు, రీడింగులు రాసుకునే లాగర్లో ఒక ఛానల్ పోయాక అప్పుడు చెప్పాడు డీలర్. టెలిమెట్రీ సిమ్‌కి సిగ్నల్ లేని చోట అమ్మి, సిగ్నల్ మీ ప్రాబ్లం అన్నాడు. కాలిబ్రేషన్ షీట్‌లో సీరియల్ నంబరుకి, కేబుల్ ట్యాగ్ మీద నంబరుకి తేడా, దింపే ముందు చూశాం కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒక సెన్సార్ లెక్క ఇంకో సెన్సార్‌కి వేసుకుంటూ ఉండేవాళ్లం. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమంటారు, మెయిల్ పెడితే ఫోన్ చేసి ఏంటి సార్ ప్రాబ్లం అంటారు.

అన్నిటికన్నా హైలైట్ వారంటీ. షేల్లో పెట్టిన సెన్సార్ రీడింగ్ గంతులేస్తుంటే కంప్లైంట్ ఇచ్చాం, రూల్ ప్రకారం ఐటమ్‌ని ఒరిజినల్ బాక్స్‌లో వెనక్కి పంపితే చెక్ చేస్తాం అని రిప్లై వచ్చింది. అయ్యా, మీ ఐటమ్ వంద మీటర్ల పైన లోతులో సిమెంటులో ఉంది అని రాస్తే, అయితే ఫోటో పంపండి అన్నారు. చివరికి ఫ్యాక్టరీ ఇంజనీరుకి డైరెక్టుగా రా డేటా పంపితే ఆయన ఒక్క రోజులో జవాబిచ్చాడు, సెన్సార్ బానే ఉంది, జంక్షన్ బాక్స్‌లో తడి చేరింది, జాయింట్ మళ్లీ చెయ్యండి అని. చేశాం, గంతులు ఆగిపోయినయ్. అందుకే సెన్సార్‌కి 4 స్టార్లు, ఒకటి తగ్గించింది తెలుగులోనో హిందీలోనో ఒక్క పేజీ ఇన్‌స్టలేషన్ షీట్ కూడా ఇవ్వనందుకు, సైట్‌లో గ్రౌట్ కలిపే కుర్రాడు ఇంగ్లిష్ మాన్యువల్ చదువుతాడా?

కొనేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు డీలర్‌ని అడగాల్సినవి: సర్జ్ అరెస్టర్ రేటులో ఉందా, కేబుల్ జాయింట్ లేకుండా ఫుల్ లెంగ్త్ ఇస్తారా, కాలిబ్రేషన్ షీట్ ప్రతి సెన్సార్‌కీ విడిగా ఉందా, పాతేసిన సెన్సార్‌కి వారంటీ ఎలా ఇస్తారో లెటర్‌హెడ్ మీద రాసిస్తారా. ఆఖరిదానికి ఎవరూ రాసివ్వరు, తెలుసు, అయినా అడగండి, ఆ జవాబులోనే సర్వీస్ ఎలా ఉంటదో అర్థమైపోద్ది. ముఖ్యమైన పొరలో ఒకే లోతులో రెండు సెన్సార్లు దింపండి, ఒకటి పోయినా రెండోది ఉంటది, మళ్లీ బోరు వేసే ఖర్చుతో పోలిస్తే రెండో సెన్సార్ ధర లెక్కలోది కాదు. మాకు రెండో బోరు డిప్ సైడ్, అంటే సీమ్ కిందకి వాలే వైపు, మార్క్ చేశారు, వానలు పడకముందే రిగ్ ఎక్కించాలి, సెన్సార్లు అదే కంపెనీవి, డీలర్ మాత్రం వేరే.